సియోల్‌లో బార్బెక్యూ భోజనం: ఐదో నంబర్ లైన్ వెంట

సియోల్‌లో కొరియన్ బార్బెక్యూ తినాలనుకునేవాళ్లు ముందు బస ఎక్కడో తేల్చుకోవాలి. ఆ భోజనం గంటన్నరకు తక్కువ పట్టదు, రాత్రిపూటే బాగుంటుంది, లేచేసరికి బట్టల నిండా పొగ వాసన ఉంటుంది. ఆ తర్వాత రెండు మెట్రోలు మారి గదికి చేరడమంటే విసుగు. మనవాళ్లలో చాలామంది మియాంగ్‌డాంగ్‌లోనో హాంగ్‌డేలోనో దిగుతారు. షాపింగే ముఖ్యమైతే అదే మంచిది. మేం నలుగురం, అంటే నేను, మావారు, మరిది, తోడికోడలు, గోంగ్‌డాక్ స్టేషన్ పక్కన ఒక బిజినెస్ హోటల్ తీసుకున్నాం. గదులు చిన్నవి. రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరిచే చోటు లేదు. టిఫిన్‌లో మాకు నచ్చినవి గుడ్లు, బ్రెడ్ మాత్రమే. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఇంచన్ ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రైలు నేరుగా అక్కడ ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ ఆగదు, అన్ని స్టేషన్లలో ఆగే బండి ఎక్కాలి. పైగా ఐదో నంబర్ మెట్రో లైన్ అక్కడి నుంచే వెళ్తుంది. మాంసం కాల్చుకుని తినడానికి సియోల్ జనం వెళ్లే మాపో, జోంగ్నో 3-గా, మాజాంగ్ మూడూ ఆ ఊదారంగు లైన్ మీదే ఉన్నాయి.

మాపో ఒకప్పుడు హాన్ నది రేవు. ఉప్పు, ఉప్పులో ఊరేసిన రొయ్యలు, చేపలు పడవల్లో ఇక్కడికే వచ్చేవి. ఇప్పుడు చుట్టూ ఆఫీసులు. సాయంత్రం ఆరు దాటగానే ఉద్యోగులు గుంపులు గుంపులుగా వచ్చి హోటళ్లలో కూర్చుంటారు. ఇక్కడి పేరున్న వంటకం పంది పక్కటెముకల మాంసం, డ్వేజీ గల్బీ. చాలా హోటళ్లు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మూసేస్తాయి కాబట్టి మేం ఐదున్నరకల్లా వెళ్లాం, వెంటనే టేబుల్ దొరికింది. ఆరున్నరకు హాలంతా నిండిపోయి బయట కుర్చీల్లో జనం ఎదురుచూస్తున్నారు. వీలైనంతవరకు ఆ టైమే పెట్టుకోండి.

టేబుల్ మధ్యలో నిప్పులు పెట్టే గుంట, దాని మీదికి కిందికి లాగే పొగగొట్టం. చెంచాలు, చాప్‌స్టిక్‌లు టేబుల్ పక్కన సొరుగులో ఉంటాయి. కూర్చునే స్టూల్ మూత తీస్తే లోపల ఖాళీ, కోట్లు, హ్యాండ్‌బ్యాగులు అందులో పడేయొచ్చు. బొగ్గులు లోపల రాజేయరు. బయట ఒకతను అదే పనిగా రాజేస్తూ, ఎర్రగా కణకణలాడాక పళ్లెంలో పెట్టి ఇనుప కొక్కెంతో పట్టుకుని తెచ్చి గుంటలో దించుతాడు. హాల్లో అంత రద్దీలోనూ అతను వస్తుంటే అందరూ దారి ఇస్తున్నారు. మా టేబుల్ నిప్పు తగ్గిందని మేం చెప్పకముందే మార్చేశాడు. బార్బెక్యూ హోటల్ మంచిదో కాదో తేల్చేది ఈ ఒక్క పనేనని నాకు ఆ రాత్రి గట్టిగా అనిపించింది. రద్దీ ఎంతైనా పర్వాలేదు, నిప్పు చూసుకునే మనిషి ఉండాలి.

మాంసం కాల్చడమూ అంతే. నానబెట్టిన గల్బీలో సోయా సాస్, చక్కెర, పండ్ల రసం ఉంటాయి కనుక ఇట్టే మాడుతుంది. మా టేబుల్ చూసే ఆవిడ పటకారుతో తిప్పుతూ, కత్తెరతో ముక్కలు చేస్తూ, ఉడికినవి అంచుకు నెట్టి వేలితో చూపించి వెళ్లేది. పెళ్లి పంక్తిలో అనుభవమున్న పెద్దమ్మ వడ్డన చూసుకున్నట్టు ఆరేడు టేబుళ్లు ఒక్కతే చూసుకుంది. ఇనుప జాలీ నల్లబడగానే తీసేసి కొత్తది వేసింది. జాలీ మార్చడానికి విడిగా డబ్బు అడగరు, అవసరమైతే మనమే బెల్ నొక్కి అడగాలి. ఒక వరస కూడా ఉంది. నానబెట్టని మాంసం, అంటే సామ్‌గ్యాప్‌సాల్ అనే పంది పొట్ట మాంసం లాంటిది ముందు తినాలి, మసాలా పట్టించింది తర్వాత. తీపి సాస్ మొదటే తగిలితే జాలీ పాడవుతుంది, నాలుకా మొద్దుబారుతుంది.

తినే పద్ధతి మనకు కొత్తేం కాదు, చేతితోనే. లెట్యూస్ ఆకు అరచేతిలో పరిచి, దాని మీద ఘాటైన వాసన ఉండే పెరిల్లా ఆకు, మాంసం ముక్క, కాల్చిన వెల్లుల్లి రెబ్బ, పచ్చిమిర్చి చక్రం, సామ్‌జాంగ్ అనే కారపు సోయా ముద్ద కొంచెం పెట్టి మడిచి ఒకే ముద్దగా నోట్లో పెట్టుకోవాలి. ఉప్పు రొయ్యల్లో కూడా ఒక ముక్క ముంచి చూడండి. పంది మాంసపు కొవ్వుకు ఆ ఉప్పదనం చాలా బాగా నప్పింది. నంజుకోవడానికి ఇచ్చే కిమ్చీ, ముల్లంగి, ఉల్లికాడల సలాడ్ ఎన్నిసార్లు అడిగినా ఉచితంగా ఇస్తారు. రద్దీగా ఉండే చోట ఇంకో లాభం కూడా ఉంది. ఆకులు, నంజుళ్లు ఎప్పటికప్పుడు అయిపోతుంటాయి కనుక వాడిపోయినవి మన ముందుకు రావు.

ఖర్చు సంగతి. ఒక పోర్షన్ అంటే 150 నుంచి 200 గ్రాములు. సామ్‌గ్యాప్‌సాల్ 200 గ్రాములకు 20,000 వోన్‌ల దాకా అవుతుంది. వెయ్యి వోన్‌లు మన లెక్కలో సుమారు 60 రూపాయలు. మొదటి ఆర్డర్ కనీసం రెండు పోర్షన్లు ఇవ్వాలనే నియమం చాలాచోట్ల ఉంటుంది. అందుకే ఒంటరిగా వెళ్లేవాళ్లను కొన్ని హోటళ్లు రానివ్వవు. టిప్ ఇచ్చే అలవాటు లేదు. టేబుల్ దగ్గర బిల్లు కోసం చూడకండి, బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర కౌంటర్‌లో కట్టాలి.

మా తోడికోడలు కోడి, చేప తప్ప ఇంకేం తినదు. ఇలాంటివాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మామూలు బార్బెక్యూ హోటల్‌లో వాళ్లకు దొరికేది మట్టిపాత్రలో పొంగిన గుడ్డు వంటకం గ్యేరాన్‌జిమ్, అన్నం, ఆకులు, అంతే. చివర్లో అందరూ తెప్పించుకునే చల్లటి నూడుల్స్, నేంగ్‌మ్యాన్, చూడటానికి శాకాహారంలా ఉన్నా దాని రసం ఎక్కువగా బీఫ్‌తో కాచిందే. సోయా ముద్దతో చేసే పులుసు డ్వెన్‌జాంగ్ జిగేలో కూడా మాంసమో ఆల్చిప్పలో ఎండుచేపల రసమో ఉండొచ్చు. కిమ్చీలో చేప సాస్, రొయ్యలు మామూలే. పూర్తి శాకాహారులను ఈ హోటళ్లకు తీసుకెళ్లడం వాళ్లకు అన్యాయం చేయడమే. కోడి తినేవాళ్లకు మాత్రం మంచి దారి ఉంది. నిప్పుల మీద కాల్చే కోడి, సుట్‌బుల్ డక్‌గల్బీ అని బోర్డు ఉన్న చోటు వెతకండి. ఒక సాయంత్రం నలుగురం అలాంటి చోటికే వెళ్లాం. గోచుజాంగ్ అనే మిరప ముద్ద కారం పట్టిన కోడి తొడ మాంసం, పొగ వాసనతో. మా తోడికోడలు మొదటిసారి కడుపునిండా తిన్నది అక్కడే. ఆ సాయంత్రం నాకు మాపో కన్నా తక్కువేమీ అనిపించలేదు.

జోంగ్నో 3-గా స్టేషన్ ఆరో ఎగ్జిట్ బయట వాతావరణం వేరు. గాల్మేగిసాల్ అనే పంది మాంసానికి పేరున్న సందు అది. చీకటి పడగానే రోడ్డు మీదికి టేబుళ్లు వస్తాయి. అక్టోబర్ చలిగాలిలో పొగ, నవ్వులు, గ్లాసుల చప్పుడు. పక్కనే 1920లు, 30ల నాటి చిన్న హనోక్‌లు, అంటే సంప్రదాయ కొరియా ఇళ్లు ఉన్న ఇక్‌సాన్‌డాంగ్ పేట కాబట్టి ముందు అక్కడ తిరిగి తర్వాత ఇక్కడ కూర్చోవచ్చు. మాంసం కన్నా ఆ సందే గుర్తుండిపోతుంది. కాల్చే పని ఎక్కువగా మనదే, కుర్చీలు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సుఖంగా ఉండదు. కుర్రకారుకు మాత్రం మాపో కన్నా ఇదే నచ్చుతుందనుకుంటాను. మా మరిది అయితే ఇక్కడి నుంచి లేవనన్నాడు.

హాంగ్‌డే వైపు వీడియోల్లో బాగా కనబడే ఒక హోటల్‌కు కూడా వెళ్లాం. పేరు రాయను. తలుపు దగ్గరి మెషీన్‌లో కొరియా ఫోన్ నంబర్ కొడితేగాని క్యూలో పేరు పడదు. వంతు వచ్చిందని మెసేజ్ వచ్చేది ఆ నంబర్‌కే. మాకు అది లేదు కనుక అక్కడే నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది. లోపల బొగ్గులు కావు, గ్యాస్. మూడు పోర్షన్లకు తక్కువైతే ఆర్డర్ తీసుకోం అన్నారు. ముక్కలు అంటుకుని మాడుతున్నా జాలీ మార్చడానికి ఎవరూ రాలేదు, గంటన్నర కాగానే టైమ్ అయిందన్నారు. అదే రద్దీని మాపోలో ఒక్క ఆవిడ చక్కబెట్టడం చూశాక ఇది మరీ బాధనిపించింది. విదేశీ నంబర్‌తో పనిచేసే క్యాచ్‌టేబుల్ గ్లోబల్ యాప్ ముందే పెట్టుకుంటే కొన్ని హోటళ్లలోనైనా ఈ తిప్పలు తప్పుతాయి. దారి కోసం నేవర్ మ్యాప్ వాడండి, గూగుల్ మ్యాప్స్ అక్కడ నడక దారి సరిగా చూపదు.

మాజాంగ్ బీఫ్ తినేవాళ్లకు మాత్రమే. పెద్ద మాంసం మార్కెట్. కింద కొట్లో హాన్వూ, అంటే కొరియా దేశీ పశువుల మాంసం, గ్రేడు చూసి కొనుక్కుని, పై అంతస్తు హోటల్‌లో నిప్పులకు, నంజుళ్లకు మనిషికి కొంత కట్టి కాల్చుకోవచ్చు. గ్రేడుల్లో అన్నిటికన్నా పైది 1++. హోటల్‌లో అదే మాంసానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. మావారు, మరిది అటు వెళ్తే మేమిద్దరం దగ్గర్లోనే చ్యాంగ్‌గ్యేచాన్ వాగు పక్కన నడిచాం. రోడ్ల కింద పూడ్చేసిన ఆ వాగును 2005లో మళ్లీ బయటికి తెచ్చారు. కొంగలు కూడా కనిపించాయి.

బట్టల వాసనకు చాలా హోటళ్లు తలుపు దగ్గర స్ప్రే పెడతాయి, కొంతే పనిచేస్తుంది. గోంగ్‌డాక్ హోటల్‌లో కాయిన్ వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ ఉండటం అందుకే బాగా కలిసొచ్చింది, బుక్ చేసేటప్పుడు అది ఉందో లేదో చూసుకోండి. శరదృతువులో వచ్చే కొరియా పంటల పండుగ చుసోక్ రోజుల్లో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి. కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లు చాలావరకు మూసేస్తారు, వెళ్లాల్సినవేమో అవే.