స్టాండర్డ్ హెరాల్డ్: మే నెల ఎండలో, సాలూరు ఘాట్ మీద

పాత కారు బానెట్ ఎత్తి రోడ్డు పక్కన ఆగి ఉంటే చూసినవాళ్లంతా చెప్పే మాట ఒక్కటే: "ఇంజిన్ వేడెక్కిపోయింది బాబూ, నీళ్లు పోయండి." విజయనగరంలో ఉంటూ ఏళ్ల తరబడి స్టాండర్డ్ హెరాల్డ్ నడిపిన అనుభవంతో చెబుతున్నాను, ఆ మాట చాలాసార్లు తప్పు. మన ఎండకు ఈ కారులో ముందుగా మొరాయించేది పెట్రోలు. ఆ తర్వాత కరెంటు. రేడియేటర్ వంతు ఆఖరున వస్తుంది, అది కూడా దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తేనే.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. ఇది 1959లో ఇంగ్లండ్‌లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. ఆకారం ఇటలీ డిజైనర్ మికెలోట్టిది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1960ల మొదట్లో దీన్ని ఇక్కడ తయారు చేయసాగింది. నా దగ్గరున్నది రెండు తలుపుల మోడల్, 948 సీసీ ఇంజిన్. నిక్కచ్చిగా చూస్తే స్పోర్ట్స్ కారు కాదు. కానీ ఇదే చట్రాన్ని కుదించి, సవరించి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. ఆ చుట్టరికం స్టీరింగ్ పట్టుకోగానే తెలుస్తుంది. సుమారు 25 అడుగుల వలయంలో తిరిగిపోతుంది. గంటస్తంభం దగ్గర కొత్త కార్లు ముందుకీ వెనక్కీ తంటాలు పడే చోట ఇది ఒక్క తిప్పుకే బయటపడుతుంది.

మరమ్మతులో ఎక్కువ డబ్బు తినేది ఇంజిన్ కాదు, తుప్పు. బాడీ అంతా విడి రేకులను బోల్టులతో చట్రానికి బిగించింది కాబట్టి విప్పడం సులువే. విప్పాక కనిపించేదే గుండె జారుస్తుంది. చట్రం నుంచి పక్కలకు చేతుల్లా చాచుకుని ఉండే అవుట్‌రిగర్లు సముద్రపు గాలికి లోపలి నుంచే తుప్పు పట్టిపోయి ఉంటాయి. భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో పెరిగిన బండి అయితే మరీను. ఇంకో సంగతి మేస్త్రీలకు పదేపదే చెప్పుకోవాల్సి వస్తుంది. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి కింద ఆధారంగా ఉండే ట్రనియన్లకు గ్రీజు పెట్టకూడదు, 90 నంబరు గేర్ ఆయిల్ పోయాలి. అక్కడ నిపిల్ కనబడగానే గ్రీజు గన్ అందుకోవడం అలవాటైన చేతులకు ఈ మాట ఎక్కదు. ఆయిల్ అందకపోతే లోపలి మరలు తుప్పు పట్టి, ఒకరోజు చక్రం పక్కకు వాలిపోతుంది. అందుకే ఆ పని నేను ఎవరికీ అప్పగించను.

ఇక ఎండ. గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వరకు రోడ్డు దాదాపు చదును. అరవై, డెబ్బై వేగంలో కారు హాయిగా పోతుంది. సాలూరు దాటి ఒడిశా సుంకి వైపు ఘాట్ ఎక్కేటప్పుడే అసలు పరీక్ష. ముందు లోడు లారీ, మనం రెండో గేరు, వెనక నుంచి ఎండ. ఇంజిన్ మోత మారదు, ఉష్ణోగ్రత ముల్లు కదలదు, కానీ కారు రెండుసార్లు ఎగిరి పడి ఆగిపోతుంది.

ఇక్కడే హెరాల్డ్ మీద నాకున్న ప్రేమంతా. రెండు వైపులా ఉన్న కొక్కేలు తీస్తే బానెట్, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగమంతా ముందుకు ఒరిగిపోతుంది. టైరు మీద కూర్చుని ఇంజిన్‌తో మాట్లాడుకోవచ్చు. పెట్రోలు పంపుకు చిన్న గాజు గిన్నె ఉంటుంది. ఘాట్‌లో ఆగినప్పుడు దాంట్లోకి చూడండి: నిండుగా ఉండాల్సిన పెట్రోలు సగానికి దిగి, అడుగు నుంచి సన్నటి బుడగలు వరసగా పైకి లేస్తుంటాయి. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల చుట్టుపక్కలే మరగడం మొదలవుతాయి. మే నెలలో బయటి గాలే అంత వేడి, బానెట్ కింద ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. పైగా పంపు వెనక ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది కాబట్టి గొట్టంలో ఒత్తిడి తగ్గి మరగడం ఇంకా తేలికవుతుంది. ఆవిరిని పంపు నెట్టలేదు. తడి తువాలు పంపు మీద చుట్టి, కింద ఉన్న చిన్న మీటను చేత్తో ఆడిస్తే గిన్నె మళ్లీ నిండుతుంది. ఆ నిండటం కళ్లతో చూసి స్టార్ట్ చేస్తే చాలు, రేడియేటర్ మూత జోలికి పోనక్కర్లేదు. మరుగుతున్న మూత తిప్పి మొహం కాల్చుకున్నవాళ్లు సాలూరు గ్యారేజీల్లో కావలసినంతమంది.

టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ కాకపోవడం దీనికి సరిగ్గా తిరగేసిన జబ్బు. ఇంజిన్ ఆపగానే ఫ్యాను, నీటి పంపు రెండూ ఆగుతాయి, లోపలి వేడి మాత్రం పైకి పాకుతుంది. ఈ ఇంజిన్‌లో సైలెన్సర్ గొట్టం మొదలయ్యే చోటు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఒకే వైపున ఉంటాయి. కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు మరిగి ఇంజిన్‌లోకి పొంగిపోతుంది. అప్పుడు తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. చోక్ లాగితే బ్యాటరీ చచ్చేదాకా తిప్పుకోవడమే మిగులుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి, దాన్ని మళ్లీ మళ్లీ తొక్కకుండా సెల్ఫ్ కొట్టాలి. సైలెన్సర్ గొట్టానికీ కార్బురేటర్‌కూ మధ్య నేను వేయించిన అల్యూమినియం రేకు దీన్ని చాలావరకు తగ్గించింది. ఆగినంతసేపు బానెట్ తెరిచి ఉంచితే ఇంకా మేలు. జనం గుమిగూడతారు, అది వేరే సంగతి.

ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే ఆవిరి బాధ దాదాపు పోతుంది. నేను పెట్టలేదు. గాజు గిన్నెలో కనబడేది నాకు ఇష్టం, డైనమో మీద ఇంకో భారం నాకు ఇష్టం లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసేది కొత్త కార్లలోలా ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఛార్జింగే ఇవ్వదు. అదే కారణంగా ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా వద్దనుకున్నాను. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్లు, కండెన్సర్ తీసేసి డిస్ట్రిబ్యూటర్ మూత కిందే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ దాచాను. వేడికి కండెన్సర్ పోవడం, చల్లారాక మళ్లీ పనిచేయడం, దాన్ని కూడా "హీటు" ఖాతాలో రాయడం, ఈ గొడవంతా దాంతో తీరింది.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి కారాయి. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు, పంపు డయాఫ్రం తప్పనిసరి. ఇంజిన్ పైన పెట్రోలు కారడం నవ్వులాట కాదు. పెట్రోలు, గాలి మిశ్రమం కూడా పలచబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం, అంటే జెట్, కాస్త పెద్దది వేయాలి. వాల్వ్ సీట్లను అరగకుండా కాపాడిన సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది గనుక, హెడ్ విప్పినప్పుడే వాల్వ్ సీట్లు గట్టివి వేయించుకోవడం మంచిది.

రేడియేటర్ విషయానికి వస్తే మన ప్రాంతానికి మించిన చోటు లేదు. సాలూరు లారీల ఊరు. రాగి, ఇత్తడి రేడియేటర్ విప్పి, కొత్త కోర్ వేసి, టంకం పెట్టే చేతులు ఇంకా అక్కడ ఉన్నాయి. దాని చుట్టూ సందులు రబ్బరు షీటుతో మూయించాను, గాలి పక్కల నుంచి జారిపోకుండా. బోరు నీళ్లు మాత్రం పోయకండి. ఇంజిన్ బ్లాకు వెనక మూల సున్నంతో పూడుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్, 7 పౌండ్ల ఒత్తిడి మూత. ఆ ఒత్తిడిలో నీరు 110 డిగ్రీలు దాటేదాకా మరగదు.

దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. నాలుగూ డ్రమ్ము బ్రేకులే, వేడెక్కితే పట్టు వదులుతాయి. ఎక్కిన గేరులోనే దిగండి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఠక్కున వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఇది ఈ సస్పెన్షన్ పుట్టుకతో వచ్చిన గుణం. వేగం మలుపుకు ముందే తగ్గించాలి.

కారు సంగతి ఇది, మనిషి సంగతి వేరు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం రోడ్డులో సముద్రపు గాలికి ఇంజిన్ సుఖంగా ఉంటుంది, మనం చెమటలో తడిసి ముద్దవుతాం. సాలూరు వైపు మనకు చెమట ఆరుతుంది, పెట్రోలు మరుగుతుంది. తలుపుల్లోని త్రికోణపు చిన్న అద్దం తిప్పితే గాలి నేరుగా ఛాతీకి తగులుతుంది. రెక్సిన్ సీటు మీద నూలు తువాలు పరచుకోవాలి. రోహిణి కార్తెలో పదింటికి లోపల పెట్టి నాలుగింటికి తీస్తాను.

మైలేజీ లీటరుకు సుమారు పన్నెండు. చాలా విడిభాగాలు స్పిట్‌ఫైర్‌వి సరిపోతాయి, ఇంగ్లండ్ నుంచి వస్తాయి, కస్టమ్స్ సుంకం మాత్రం నొప్పి పుట్టిస్తుంది. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కానీ అప్పుడు ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు తప్ప మామూలుగా తిప్పుకోవడం కుదరదు. నేను నడపడానికి కొన్నాను, కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకుంటున్నాను. ఎవరైనా హెరాల్డ్ కొనబోతుంటే రంగు చూడకండి. కింద పడుకుని అవుట్‌రిగర్లను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. లోపలికి దిగితే ధర సగం నుంచి మాట్లాడండి, లేదా లేచి దుమ్ము దులుపుకోండి.