రెండేళ్లు వాడిన 27 అంగుళాల గేమింగ్ మానిటర్: కన్సోల్‌కి ఎంతవరకు పనికొచ్చింది?

భీమవరంలో పీఎస్5కి (సోనీ గేమింగ్ కన్సోల్) తగిలించి రెండేళ్లకు పైగా రోజూ వాడుతున్న మానిటర్ ఇది. 27 అంగుళాలు, 1440పి (2560×1440 పిక్సెళ్లు), ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్. పెట్టె మీద 165 హెర్ట్జ్ (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో), 1 ఎంఎస్ (మిల్లీసెకను) అని పెద్దక్షరాలతో ఉంటుంది. ముందే చెప్పేస్తే, 120 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 120 ఫ్రేమ్‌లు) ఇచ్చే వార్‌జోన్, ఫోర్ట్‌నైట్ లాంటి షూటర్లకి పెట్టిన డబ్బు వసూలైంది. 60 దగ్గరే ఆగిపోయే ఫుట్‌బాల్, ఫైటింగ్ ఆటలకి సగమే వసూలు.

పెట్టె మీది 165తో మనకి పనిలేదు. ఆ అంకె పీసీలకి వాడే డిస్‌ప్లేపోర్ట్‌కే, కన్సోల్‌కి ఆ పోర్టే ఉండదు. హెచ్‌డీఎంఐలో ఈ మానిటర్ 144 వరకే వెళ్తుంది, పీఎస్5 ఎలాగూ 120 దాటదు. 240 హెర్ట్జ్ మానిటర్లలో ప్యానెల్ కాస్త చురుగ్గా ఉండొచ్చు, దాన్ని పక్కన పెడితే ఆ అంకె కోసం అదనంగా వేలు పోయడం దండగ. కొనేముందు స్పెసిఫికేషన్ కాగితంలో "హెచ్‌డీఎంఐలో 1440పి, 120 హెర్ట్జ్" అని ఉందో లేదో చూడండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉన్నవి అదే 1440పిలో 60, 75 దగ్గరే చతికిలబడతాయి. "2.1" అని రాసి ఉన్నా గుడ్డిగా నమ్మొద్దు. ఆ ప్రమాణంలో చాలా సదుపాయాలు ఐచ్ఛికం కాబట్టి, 2.0 వేగమే ఉన్న పోర్టుకీ ఆ పేరు పెట్టేస్తున్నారు.

దీని హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 కావడం వల్ల పీఎస్5లో వీఆర్‌ఆర్, అంటే ఆట ఫ్రేమ్‌ల వేగానికి తగ్గట్టు తెర వేగం మారే సదుపాయం, రాదు. సోనీ కన్సోల్ హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్‌నే గుర్తిస్తుంది, అదే పని చేసే ఏఎండీ వారి ఫ్రీసింక్‌ని పట్టించుకోదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే ఇదే పోర్టులో ఫ్రీసింక్ తీసుకుంటుంది. వీఆర్‌ఆర్ లేని లోటు ఎప్పుడు తెలుస్తుందంటే, పొగ, పేలుళ్లు ఒకేసారి పడి 120 కాస్తా 100కి జారినప్పుడు. చిత్రం గతుక్కుమంటుంది. ఇప్పుడు కొనేవాళ్లు పీఎస్5 కోసమైతే 2.1 వీఆర్‌ఆర్ ఉన్నదే తీసుకోండి.

ఇక బ్లర్, అంటే కదిలే బొమ్మ అలుక్కుపోవడం. షాపులో అడిగితే "ఆయ్, వన్ ఎంఎస్ అండి" అంటారు. ఏ వన్ ఎంఎస్ అన్నదే ప్రశ్న. జీటీజీ అంటే పిక్సెల్ రంగు మారే వేగం. ఎంపీఆర్‌టీ అంటే కంటికి ఒక ఫ్రేమ్ ఎంతసేపు కనబడుతుందన్నది. పిక్సెల్ ఎంత చురుకైనా 120 హెర్ట్జ్‌లో ఫ్రేమ్ 8.3 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడే ఉంటుంది. లెక్క వేద్దాం. శత్రువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండు సెకన్లలో పరిగెత్తాడనుకోండి. 2560 పిక్సెళ్లు, అంటే సెకనుకి 1280. 120లో కన్ను వాణ్ని వెంబడిస్తే సుమారు 11 పిక్సెళ్ల మేర అలుక్కుంటుంది, 60లో 21. అందుకే పిక్సెళ్లు చాలా చురుగ్గా మారే ఓఎల్‌ఈడీ తెరలో కూడా 60 ఎఫ్‌పీఎస్ ఆట మసగ్గానే కనిపిస్తుంది.

దీన్ని తగ్గించేది బ్యాక్‌లైట్ స్ట్రోబింగ్, ఫ్రేమ్‌కోసారి లైటు క్షణకాలం మాత్రమే వెలగడం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: డైయాక్, ఈఎల్‌ఎంబీ, ఎంబీఆర్. 120 ఎఫ్‌పీఎస్ నిలకడగా ఉంటే తేడా మొదటి రౌండులోనే తెలుస్తుంది, కెమెరా తిప్పుతుండగానే శత్రువు చేతిలో ఏ తుపాకీ ఉందో చదవొచ్చు. మూల్యం వెలుతురు. ఇందులో దాదాపు సగం పోతుంది, పగలు కిటికీ తెరిచి ఆడలేం. తెర మధ్యలో బొమ్మ శుభ్రంగా ఉన్నా కింది అంచున జంటగా కనిపిస్తుంది. 60 ఎఫ్‌పీఎస్ ఆటని 120 స్ట్రోబ్‌లో పెడితే ప్రతి అంచూ రెండుసార్లు కనబడుతుంది, అప్పుడు ఆపేయడమే మేలు. వీఆర్‌ఆర్, స్ట్రోబింగ్ రెండూ కలిసి పనిచేసే మానిటర్లు అరుదు, మామూలుగా ఒకటి ఆన్ చేస్తే రెండోది ఆగిపోతుంది.

మానిటర్ మెనూలో పిక్సెల్ రంగు మారే వేగాన్ని పెంచే ఓవర్‌డ్రైవ్‌ని "ఫాస్టెస్ట్"లో పెట్టకండి. ట్రైనింగ్ మోడ్‌లో ముదురు గోడ అంచు మీదుగా కెమెరాని ఒకే వేగంతో తిప్పండి. వెనక నల్లటి తోక ఉంటే ఒక మెట్టు పెంచండి, తెల్లటి అంచు మెరిస్తే ఒక మెట్టు దించండి. దీనికి 120లో మధ్య మెట్టు, 60లో దానికింద మెట్టు సరిపోయాయి. చలికి ఎల్‌సీడీ మందగిస్తుంది కానీ మన గోదావరి జిల్లాల్లో ఆ బెంగ అక్కర్లేదులెండి.

పీఎస్5లో 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి, గేమ్ ప్రీసెట్స్‌లో పర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోండి. హోమ్ తెరలో 60 అని చూసి కంగారుపడొద్దు. ఆటలోకి వెళ్లాక మానిటర్ మెనూలోని సమాచారం పేజీలో 120 కనిపిస్తే చాలు. ఆటలోనూ 120 ఆప్షన్ విడిగా ఉంటే దాన్నీ ఆన్ చేయాలి. స్ట్రీట్ ఫైటర్ 6 అరవైలోనే నడిచినా, 120 తెర ఉంటే ఇన్‌పుట్ ఆలస్యం (బటన్ నొక్కాక తెర మీద కనబడేందుకు పట్టే సమయం) తగ్గించే ఆప్షన్ ఇస్తుంది.

కరెంటు సంగతి. సాయంత్రం చెరువుల దగ్గర ఏరేటర్లు తిరగడం మొదలైతే వోల్టేజీ పడిపోతుంది. మానిటర్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి స్టెబిలైజర్ అక్కర్లేదు. దెబ్బ తగిలేది కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలో. కన్సోల్ 200 వాట్లు, మానిటర్ 40 లోపు, కాబట్టి 600 వీఏ యూపీఎస్ ఉంటే సేవ్ చేసి ఆపుకునేంత సమయం దొరుకుతుంది.

వరికోతల కాలంలో కిటికీ తీసి రాత్రిపూట ఆడితే సన్నటి దీపం పురుగులు తెర పొరల మధ్యకి దూరిపోతాయి. చుక్క కదులుతోందంటే అది డెడ్ పిక్సెల్ కాదు. వేలితో నొక్కితే అక్కడే చచ్చి నల్లమచ్చగా ఉండిపోతుంది. మానిటర్ ఆపి, అంచు పక్కన టేబుల్ లైటు పెట్టి వదిలేయండి, చాలాసార్లు దానంతటదే బయటికి పోతుంది.