నాటకంలో పీజీ: హైదరాబాదా, ఢిల్లీనా?

డిగ్రీ అయ్యాక నాటకం చదవాలనుకునే తెలుగు విద్యార్థికి సాధారణంగా రెండు పేర్లు వినిపిస్తాయి: హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1959లో మొదలైన ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా.

కాలం: హైదరాబాద్‌లో రెండేళ్ల ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్). ఢిల్లీలో మూడేళ్ల డిప్లొమా.

ఖర్చు: ఢిల్లీలో విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్ వస్తుంది. హైదరాబాద్‌లో కేంద్ర విశ్వవిద్యాలయ ఫీజులే. ప్రైవేటు నటన శిక్షణ సంస్థలతో పోలిస్తే తక్కువే.

ప్రవేశం: అసలు తేడా ఇక్కడే. ఢిల్లీకి డిగ్రీ ఒక్కటే చాలదు, నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపాలి, వడపోతలో నిలవాలి. సీట్లు కొద్ది, దేశమంతా పోటీ. అది తప్పితే ఏడాది వృథా అనుకునేవారు రెండుచోట్లా దరఖాస్తు చేయడం మేలు.

భాష: ఢిల్లీలో హిందీ రాకపోతే వేదిక మీద ఇబ్బందే. సంభాషణ పలకడమంటే బస్సులో దారి అడగడం కాదు కదా! హైదరాబాద్‌లో తెలుగు నాటక బృందాలు, ప్రేక్షకులు చేరువలోనే ఉంటారు.

అధ్యాపక ఉద్యోగం, నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ మనసులో ఉంటే హైదరాబాద్ దారి సూటిగా ఉంటుంది. నటన, దర్శకత్వం, రంగాలంకరణలో రోజంతా మునిగిపోవాలనుకుంటే, హిందీ మీద పట్టుంటే ఢిల్లీ. ఇంకా ఒక్క నాటకమైనా ఆడనివారు ముందు ఏదైనా స్థానిక బృందంలో చేరాలి. దరఖాస్తు సంగతి తర్వాత.