టీనేజర్‌కి ట్రైల్ మర్యాద: మీరే నేర్పాలా, టీమ్‌లో చేర్చాలా?

ట్రైల్ అంటే కొండల్లో, అడవుల్లో నడిచేవాళ్లు, గుర్రాలు, సైకిళ్లు కలిసి వాడుకునే మట్టిదారి. అమెరికాలో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి ‘నైకా’ (స్కూల్ పిల్లల సైక్లింగ్ సంఘం) మౌంటెన్ బైక్ టీమ్‌లున్నాయి.

ఖర్చు: ఇంట్లో అయితే సైకిల్, హెల్మెట్, గ్లవ్స్‌తో సరి. టీమ్‌కి ఫీజులు, ప్రయాణాలు అదనం.

శ్రమ: టీమ్‌లో కోచ్‌లు చూసుకుంటారు. ఇంట్లో మీరూ సైకిలెక్కాలి, తప్పదు.

మర్యాద: కొండ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారివ్వాలి. గుర్రం ఎదురైతే సైకిల్ దిగి, పల్లం వైపు నిలబడి, రౌతును పలకరించాలి. మనిషి గొంతు వింటే గుర్రం అంతగా బెదరదు. ఇవన్నీ నాన్న చెబితే “తెలుసులే” అంటారు. పక్కవాడు ఆగితే మాత్రం ఠక్కున ఆగుతారు!

రిస్క్: గుంపులో పోటీ, స్పీడ్. ఇంట్లో మీకు తెలియనివి వాళ్లకీ తెలియవు.

మీకు ట్రైల్ అలవాటుండి, పిల్లాడు బిడియస్తుడైతే మీరే నేర్పండి. మీరే కొత్తయితే, లేదా మాట వినని వయసైతే టీమే నయం.