ముప్పావు పైపుతో కట్టిన గ్యాస్ కొలిమి: అనంతపురంలో వాడగా తేలింది

బర్నర్‌కు మంచి మార్కులే ఇస్తాను, కొలిమి డబ్బాకు ఇంకా ఎక్కువ ఇస్తాను, గ్యాసు ఖర్చు దగ్గర మాత్రం కోత పెడతాను. ఏళ్ళ తరబడి ఉలులు, కొడవళ్ళు, గొర్రు కర్రులు దీంట్లోనే కాల్చి సాగదీస్తున్నాను. గేట్లు, గ్రిల్లుల పని మధ్య దొరికిన ఖాళీలో చేసే పని ఇది. పూర్తిగా కమ్మరి పని మీదే బతికేవాళ్ళకు నా లెక్క సరిపోకపోవచ్చు.

దీనికి ఫ్యాను లేదు, కరెంటు అక్కర్లేదు. ముప్పావు అంగుళం ఎంఎస్ (మామూలు ఇనుప) పైపు ముక్క ఎనిమిది అంగుళాలు. దాని వెనక అంగుళంపావు నుంచి ముప్పావుకు దిగే రెడ్యూసర్, అంటే పెద్ద పైపును చిన్న పైపుకు కలిపే జాయింటు. రెడ్యూసర్ నోటికి అడ్డంగా గ్యాసు తెచ్చే సన్న పైపు, దాని మధ్యలో లోపలికి గురిపెట్టిన మిగ్ వెల్డింగ్ టిప్ (మిగ్ వెల్డింగ్ గన్‌లో తీగ బయటికొచ్చే సన్న రంధ్రపు రాగి మొన). టిప్ లోంచి దూసుకెళ్ళే గ్యాసు చుట్టూ ఉన్న గాలిని లాక్కుపోతుంది. రెండూ పైపులో కలుస్తాయి, చివర వెడల్పయ్యే స్టెయిన్‌లెస్ స్టీలు మూతిలో వేగం తగ్గి అక్కడ మంట నిలబడుతుంది. టిప్ నడిమధ్యకు లేకపోతే మంట ఓ పక్కకే నాకుతుంది. అందుకే టిప్ బిగించే రంధ్రం ఒక్కటి లేత్ మీద వేయించాను, మిగతాదంతా మామూలు చేతిపనే. మూతి దగ్గర జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) వద్దు. వేడికి దాని మీది జింకు పొగ అవుతుంది, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం ఖాయం.

విదేశీ డ్రాయింగులన్నీ ప్రొపేన్ కోసం గీసినవి. మనకు దొరికేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ. ఘనపరిమాణం లెక్కన ఒక వంతు ప్రొపేన్ కాలడానికి 24 వంతుల గాలి చాలు, బ్యూటేన్‌కు 31 దాకా కావాలి. అందుకే మన గ్యాసుకు టిప్ రంధ్రం ఇంకా సన్నంగా ఉండాలి. ఆ డ్రాయింగుల్లో చెప్పే 0.9 ఎంఎం టిప్ పెడితే డబ్బా నోట్లోంచి పసుప్పచ్చ మంట నాలుక చాస్తుంది, ఇనుముకు వేడి రాదు, షెడ్డంతా కార్బన్ మోనాక్సైడు. 0.8 టిప్‌తో నీలి మంట వచ్చింది. టిప్ మీద రాసి ఉండేది అందులోంచి వెళ్ళే వెల్డింగ్ తీగ సైజు, అసలు రంధ్రం అంతకన్నా కొంచెం పెద్దదే ఉంటుంది.

ఇంటి వంట సిలిండర్ జోలికి పోవద్దు. ఈ పనికి దాన్ని వాడటం చట్టవిరుద్ధం, పైగా ఆ రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్‌కు ఈ బర్నర్ గాలే లాగదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్, ప్రెషర్ చూపించే గేజు ఉన్న హై ప్రెషర్ రెగ్యులేటర్ కావాలి. మామూలు పనికి గేజు మీద 5 నుంచి 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చాలు. 10 దగ్గర గంటకు ఒక కిలో అటూఇటూ కాలుతుంది. సిలిండర్ అడుగంటే సరికి ప్రెషర్ దిగిపోతుంది, ఎందుకంటే ప్రొపేన్ ముందు ఆవిరై పోయి బ్యూటేన్ మిగులుతుంది. మన ఎండల్లో ఇది తెలియదు కానీ పుష్యమాసం పొద్దున సిలిండర్ ఒంటి మీద మంచు కడుతుంది. అప్పుడు పని ఆపడమే, సిలిండర్‌కు సెగ పెట్టే తెలివి వద్దు.

అందరూ బర్నర్ గురించే అడుగుతారు, డబ్బా గురించి ఎవరూ అడగరు. నిజానికి వేడి నిలిపేది డబ్బానే. పాత ఇనుప సామాన్ల అంగట్లో దొరికిన పది అంగుళాల పైపు ముక్క నాది, లోపల అంగుళం మందం సెరామిక్ బ్లాంకెట్ (వేడికి ఆగే దూదిలాంటి పరుపు) రెండు పొరలు, దాని మీద రిఫ్రాక్టరీ సిమెంటు, అంటే మంటకు తట్టుకునే సిమెంటు పూత. ఈ ఒక్క బర్నర్‌కు లోపలి జాగా అయిదు లీటర్లు దాటకూడదు, దాటితే ఎర్రదనం దగ్గరే ఆగిపోతుంది. పూత లేని బ్లాంకెట్ నుంచి లేచే నూగు ఊపిరితిత్తులకు హాని. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి. అతుకు పెట్టడానికి వెలిగారం వాడితే అది కరిగి కారి పూతను, బ్లాంకెట్‌ను తినేస్తుంది. నా డబ్బా నేల ఇప్పటికే గుంతలు పడింది, అడుగున ఫైర్ బ్రిక్ పలక వేసి నెట్టుకొస్తున్నాను.

దీనికి అసలు శత్రువు గాలి. మా వైపు రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆషాఢం వచ్చిందంటే మా షెడ్డులో దుమారమే. గాలి రెడ్యూసర్ నోట్లోకి ఎదురు కొడితే మంట పైపులోకి వెనక్కి దూరి టప్పుమంటుంది. వెంటనే వాల్వు కట్టేసి, పైపు చల్లారాక మళ్ళీ వెలిగించాలి. వెలిగించేటప్పుడు ముందు నిప్పు, తర్వాత గ్యాసు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల పట్టి పల్లంలో నిలుస్తుంది. అందుకే సిలిండర్ షెడ్డు బయట నిలబెట్టే ఉంటుంది, జాయింట్లకు తరచూ సబ్బు నీళ్ళు పూసి చూస్తాను.

బొగ్గుతో పోలిస్తే ఎలా ఉందంటే, చిన్న పనికి గ్యాసే గెలుస్తుంది. వెలిగించిన కాసేపటికే కత్తి ముక్క పనికి సిద్ధం, బూడిద లేదు, తిత్తి కొట్టే మనిషి అక్కర్లేదు. గడ్డపార మొన కాచాలంటే మాత్రం మా వీధి పెద్ద కమ్మరి దగ్గరికే పోతాను. ఆయన కంపచెట్ల బొగ్గు తప్ప వేరేది ముట్టడు. నా డబ్బాలోకి తొంగి చూసి, "పైన ఎర్రగుంటే సాలదు నాయనా, ఇనుము లోపలికంటా నానాల" అన్నాడు. మందం ఇనుము విషయంలో ఆయన మాట నిజం. పైరంగు చూసి తీసి కొడితే లోపల గట్టిగానే ఉండి సుత్తి ఎగురుతుంది. నానేదాకా ఉంచితే సిలిండర్ బరువు తగ్గుతుంది. ఆ గ్యాసు ఖర్చు గడ్డపారకు వచ్చే కూలికి గిట్టదు.

ఉలులు, కత్తులు, చిన్న కొక్కేలు చేసుకునేవాళ్ళు నిశ్చింతగా కట్టుకోవచ్చు. వెల్డింగ్, గ్యాస్ ఫిట్టింగ్ చేతికి రానివాళ్ళు జాయింట్లు తెలిసినవాడితో చేయించుకోవాలి. గాలుల నెలలకు బ్లోయర్‌తో నడిచే బర్నర్ ఇంకోటి కట్టాలని పైపు కూడా తెచ్చిపెట్టాను. కానీ పని నడుమ కరెంటు పోతే బ్లోయర్ ఆగిపోయి గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది, దానికి తనంతట మూసుకునే వాల్వు దొరికేదాకా ఆ పైపు మూలనే ఉంటుంది.