పద్ధతిలోనే ధర్మం: మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో మా అమ్మ శుక్లం ఆపరేషన్

మా అమ్మ చూపు మందగించిందన్న సంగతి అన్నంలో పంటి కింద రాయి తగిలినప్పుడు మాకు తెలిసింది. యాభై ఏళ్లుగా బియ్యం చేటలో పోసుకుని ఒక్క మట్టిబెడ్డ కూడా మిగలకుండా ఏరే మనిషి, 68 ఏళ్ల వయసులో చేటను వెలుతురు వైపు అటూ ఇటూ తిప్పుతూ, కనబడుతున్నట్టే మాకు నచ్చజెప్పుతూ రెండేళ్లు నెట్టుకొచ్చింది. "శుక్లం ముదరాలి కదా, ముదిరాక చూద్దాం" అనేది ఆమె మాట. ఇప్పటి పద్ధతుల్లో శుక్లం ముదిరేదాకా ఆగనక్కరలేదని, ఆగితే ఆపరేషన్ మరింత కష్టమవుతుందని ఆమెను ఒప్పించడానికే మాకు ఆరు నెలలు పట్టింది.

మొదట మేము వెళ్లినది అరవింద్ ఆసుపత్రికి కాదు. పేరు అవసరం లేదు గాని, ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరుగారు అమ్మ కన్ను రెండు నిమిషాలు చూసి, అరగంట సేపు లెన్సుల ధరల పట్టిక వివరించారు. నెలాఖరులోగా డబ్బు కడితే తగ్గింపు ఉంటుందన్నారు. "తక్కువ రకం వేస్తే కన్ను కనబడదా నాయనా?" అని అమ్మ అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు. ఆ మౌనం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. కంటి విషయంలో రోగికి ఏమీ తెలియదు, డాక్టరుకు అన్నీ తెలుసు; అటువంటి చోట సందేహం మిగిల్చి డబ్బు అడగడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు.

మా చిన్నన్నయ్య మదురైలో ఉద్యోగం చేస్తున్నందున, అమ్మను అక్కడికి తీసుకువెళ్లి అణ్ణా నగర్‌లోని అరవింద్ కంటి ఆసుపత్రిలో చూపించాం. పేరు నమోదు చేసుకున్న క్షణం నుంచి డాక్టరు ఎదుట కూర్చునేదాకా ఒక్కో పరీక్ష ఒక్కో చోట, ఒక్కో అమ్మాయి చేతి మీదుగా సాగింది: చూపు పరీక్ష, కంటి ఒత్తిడి, రక్తపోటు, షుగరు, కన్నీటి నాళం, చివరకు లోపల పెట్టవలసిన లెన్సు పవరు కొలత. ఆ అమ్మాయిలలో ఒకరు విరుదునగర్ వైపు పల్లె నుంచి వచ్చినవారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబమట. తమిళం కలిసిన ఆ ఇంటి తెలుగులో "భయపడొద్దమ్మా, చుక్కలు కొంచెం మండుతాయి, అంతే" అని ఆమె అనగానే, పొద్దుటి నుంచి బిగుసుకుని కూర్చున్న మా అమ్మ భుజాలు ఒక్కసారిగా వదులైన సంగతి పక్కనే ఉన్న నేను చూశాను.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ తరువాత జరిగిన విషయం. డాక్టరు పరీక్ష ముగించి ఆపరేషన్ అవసరమని చెప్పారే తప్ప డబ్బు మాట ఎత్తలేదు. ఆ సంగతులు మాట్లాడడానికి వేరే కౌన్సెలర్ ఉన్నారు. ఆమె ప్లాస్టిక్ కన్ను నమూనాను అమ్మ చేతిలో పెట్టి, పొర ఎక్కడ పట్టిందో, దాన్ని తీసి లెన్సు ఎక్కడ అమరుస్తారో వేలితో తడిమించి చూపించారు. అమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఈసారి జవాబు వచ్చింది: తక్కువ ధర లెన్సుతోనూ చూపు బాగానే వస్తుంది, ఎక్కువ ధర రకాలలో కొన్నింటి వల్ల కళ్లద్దాల అవసరం కొంత తగ్గుతుంది, దగ్గరి పనికి కళ్లద్దాలు పెట్టుకోవడం ఇబ్బంది కాకపోతే మామూలుది చాలు. అమ్మ మామూలుదే ఎంచుకుంది. వద్దని గాని, ఇంకా మంచిది ఉందని గాని ఎవరూ అనలేదు.

ఇది ఆ కౌన్సెలర్ మంచితనం ఒక్కటే అనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్టు. అరవింద్‌లో డాక్టర్లు నిర్ణీత జీతం మీద పనిచేస్తారు, బయట ప్రైవేటు ప్రాక్టీసు చేయరు. ఖరీదైన లెన్సు అమ్మితే తన జేబులోకి ఏదో వస్తుందన్న ఆశకు అక్కడ చోటు లేకుండా పనిని ముందే అమర్చి పెట్టారు. ఆ అమరిక వెనుక ఒక మనిషి జీవితకాలపు కృషి ఉంది.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1918లో తమిళనాడులోని వడమలాపురంలో పుట్టారు. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో 1944లో చదువు ముగించి, ప్రసూతి వైద్యం చేయాలనుకుని, సైన్యంలో వైద్యుడిగా చేరారు. తీవ్రమైన కీళ్లవాతం ఆయన వేళ్లను వంకరలు తిప్పి, చాలాకాలం మంచం పట్టించింది. కాన్పులు చేసే చేతులు ఇక కావని తేలాక ఆయన కంటివైద్యం వైపు తిరిగారు. ఆ వంకర వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని, తనకు అనువైన పనిముట్లు చేయించుకుని, జీవితకాలంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1973లో పద్మశ్రీ వచ్చింది. 1976లో ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించాక, అందరూ మనుమలతో కాలక్షేపం చేసే వయసులో, తోబుట్టువులను కలుపుకుని మదురైలో ఒక ఇంట్లో 11 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. దానికి తాను ఆరాధించిన శ్రీ అరవిందుల పేరు పెట్టారు. ఇల్లు తనఖా పెట్టి, కుటుంబంలోని నగలు కుదువ పెట్టి భవనం కట్టారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి మొదటి నుంచీ ఆయన వెంటే ఉన్నారు.

ఆయన వ్యాపార సూత్రం చాలా సరళమైనది. డబ్బు చెల్లించగలవారి నుంచి న్యాయమైన రుసుము తీసుకోవాలి, ఆ మిగులుతో చెల్లించలేనివారికి ఉచితంగా చూపు ఇవ్వాలి, రోజువారీ వైద్యం విరాళాల మీద ఆధారపడకుండా నడవాలి. ఎవరు ఏ ద్వారం గుండా రావాలో రోగే నిర్ణయించుకుంటాడు. ఆదాయ ధ్రువపత్రం అడగరు. ఉచిత విభాగంలో గదులు సాదాగా ఉంటాయి, చాపల మీద పడుకుంటారు. డాక్టర్లు మాత్రం వంతులవారీగా రెండు విభాగాలలోనూ పనిచేస్తారు. ఆపరేషన్ ఉచితమన్నా మొదట్లో పల్లెల నుంచి చాలామంది రాలేదట. బస్సు ఛార్జీ, భోజనం, తోడు వచ్చేవారు పోగొట్టుకునే కూలి, ఇవన్నీ కలిస్తే ఉచితం కూడా భారమేనని గ్రహించి, పల్లెల్లో పెట్టే కంటి పరీక్షా శిబిరాల నుంచి రోగులను తామే బస్సుల్లో తీసుకువచ్చి, భోజనం పెట్టి, తిరిగి దింపే ఏర్పాటు చేశారు. ఈ చిన్న గ్రహింపు నాకు ఆయన చేసిన ఆపరేషన్ల సంఖ్య కన్నా పెద్దదిగా తోస్తుంది, ఎందుకంటే పేదవాడి లెక్కను పేదవాడి వైపు నుంచి వేసి చూసినవారికే అది తడుతుంది.

ఇంతమందికి ఎలా చేయగలుగుతున్నారన్నది ఆపరేషన్ గదిలో తెలుస్తుంది. నేను లోపలికి వెళ్లలేదు, అమ్మ చెప్పిన మాటలే రాస్తున్నాను: "పక్కన ఇంకో బల్ల మీద ఇంకొకామె పడుకుని ఉంది. ఆమెది అవుతుండగానే నాకు అన్నీ సిద్ధం చేశారు." సర్జన్ ఒక కన్ను ముగించి మైక్రోస్కోపును రెండో బల్ల వైపు తిప్పుకుంటారు, ఆయన కాలం ఒక్క నిమిషం కూడా ఎదురుచూపులో పోదు. మిగిలిన పనులన్నీ ఆ పల్లెటూరి అమ్మాయిలవే. పాఠశాల చదువు పూర్తయ్యాక ఎంపికై, రెండేళ్ల శిక్షణ పొంది వచ్చినవారు వాళ్లు. ఎక్కడ తిన్నా ఒకే నాణ్యత ఇచ్చే మెక్‌డొనాల్డ్స్ పద్ధతిని చూసి కంటి వైద్యం కూడా అలా ఎందుకు అందించలేమని వెంకటస్వామిగారు తరచూ అడిగేవారు. పొదుపు వ్యర్థాల విషయంలోనూ కనిపిస్తుంది: 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అరవింద్‌లో ఒక ఫేకో ఆపరేషన్ (అల్ట్రాసౌండ్ తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే పద్ధతి) వల్ల వెలువడే కర్బన ఉద్గారాలు సుమారు 6 కిలోలు, అంటే బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కు వెలువడే దానిలో దాదాపు ఇరవయ్యో వంతు.

అమ్మ కంట్లో ఉన్న లెన్సుకూ ఒక కథ ఉంది. మా తాతయ్యకు వెనకటి రోజుల్లో శుక్లం తీసినప్పుడు లోపల లెన్సు పెట్టలేదు, సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చారు. అవి తీస్తే ఆయనకు మెట్టు కూడా కనబడేది కాదు. లోపల పెట్టే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి వచ్చేది, ఖరీదు సుమారు 100 డాలర్లు. పేదవారికి అది అందదని, 1992లో అరవింద్ వారు మదురైలోనే ఆరోల్యాబ్ స్థాపించి స్వయంగా లెన్సులు తయారుచేయడం మొదలుపెట్టారు. ధర 10 డాలర్ల దరిదాపులకు, తరువాత ఇంకా కిందికి దిగింది. ఇప్పుడు ఆ లెన్సులు వందకు పైగా దేశాలకు వెళుతున్నాయి. దానధర్మంగా మొదలైన ఒక అవసరం నాణ్యమైన తయారీ పరిశ్రమగా ఎదిగి తన కాళ్ల మీద నిలబడడం నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. ఇంత రద్దీని ఇంత క్రమంగా నడిపే చోట సర్జన్‌తో తీరిగ్గా కూర్చుని మాట్లాడే వీలు ఉండదు. సందేహాలన్నీ కౌన్సెలర్ దగ్గరే తీర్చుకోవాలి, కాబట్టి ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకు వెళ్లడం మంచిది. పరీక్షలకు పూట పూర్తిగా కేటాయించుకోవాలి. తమిళం రానివారు తెలిసినవారిని ఒకరిని తోడు తీసుకువెళితే సుఖం. తిరుపతిలోనూ అరవింద్ ఆసుపత్రి ఉంది కనుక మన ప్రాంతాల వారికి అదీ ఒక దారి.

వెంకటస్వామిగారు 2006లో కన్నుమూశారు. ఆయన లేకుండా ఇన్నేళ్లు గడిచినా, ఆయనను ఎన్నడూ చూడని ఒక పల్లెటూరి అమ్మాయి మా అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపిన తీరులో ఆయన నిర్మించిన సంస్థ నాకు కనిపించింది. కట్టు విప్పిన ఉదయం అమ్మ మొదట తన అరచేతులు చూసుకుంది. "ఇన్ని ముడతలు ఎప్పుడు పడ్డాయి?" అని అడిగింది. తరువాత కిటికీలోంచి ఎదురుగా ఉన్న బోర్డును, తమిళం రాకపోయినా, అక్షరం అక్షరంగా వేలితో గాలిలో రాసి చూపించింది. ఇంటికి వచ్చిన వారానికి చేట మళ్లీ ఆమె ఒళ్లోకి చేరింది. రెండో కంటికి వచ్చే నెల వెళుతున్నాం. ఈసారి తేదీ తనే గుర్తుపెట్టుకుని రోజూ మాకు జ్ఞాపకం చేస్తోంది.