అమ్మ మోకాళ్లు, నా టేపు: కర్నూలు, కడపల్లో నాలుగు రోజులు

మా చిన్నమ్మ మనవరాలి పెళ్లి కర్నూల్లో. పెళ్లి చూసుకుని మర్నాడే తిరిగొద్దామనుకుంటే, "ఇంత దూరం పోయి ఊరు చూడకుండా రావడమేంటి, దేవుని కడప కూడా చూసొద్దాం" అంది అమ్మ. అమ్మకు 71 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చేతికర్ర ఉంటే అర కిలోమీటరు నడుస్తుంది, మెట్లంటే మాత్రం భయం. మాకు కారు లేదు. నాలుగు రోజులు కారు మాట్లాడుకునే స్తోమతా లేదు. నడక, బస్సు, ఆటో, ఈ మూడింటితోనే తిరగాలి.

నేను గుంటూరులో బట్టలు కుడతాను. హ్యాండ్‌బ్యాగులో టేపు ఎప్పుడూ ఉంటుంది. బయల్దేరే ముందు రోజు మా అబ్బాయితో మాట్లాడుతుంటే ఒక సంగతి చెప్పాడు. వాడు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం ఫుట్‌పాత్ మీద మనిషి నడిచే జాగా, ఏ అడ్డూ లేకుండా, కనీసం 1.8 మీటర్లుండాలట. దాని అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదట. నా లెక్కలో చెప్పాలంటే, నా టేపు 60 అంగుళాలు. టేపు మొత్తం ఒకసారి పరిచి, ఇంకో 11 అంగుళాలు కలిపితే ఒక ఫుట్‌పాత్. ఎక్కే మెట్టు ఆరు అంగుళాలు. ఆ రెండు కొలతలూ మనసులో పెట్టుకుని బస్సెక్కాను.

తెల్లవారుజామున కర్నూల్లో దిగాం. బస్టాండుకు దగ్గరగా ఉంటుందని ఫోన్లో ఒక లాడ్జి మాట్లాడుకున్నాం. రోజుకు 900. "లిఫ్టు ఉందా?" అని రెండుసార్లు అడిగాను, ఉందన్నారు. ఉంది కూడా. కానీ లిఫ్టు దాకా చేరాలంటే ముందు ఏడు మెట్లెక్కాలి. మొదటి మెట్టు పది అంగుళాలు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కౌంటర్లో ఉన్న కుర్రాడు పరుగెత్తుకొచ్చి అమ్మకు భుజం ఇచ్చాడు, ఆ పిల్లాడికి రుణపడి ఉంటాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు టైముకు వచ్చాయి. అయినా అమ్మ ఆ రోజు పెళ్లికి తప్ప ఇంకెక్కడికీ దిగనంది. దిగితే మళ్లీ ఎక్కాలని భయం. ఏడు మెట్ల వల్ల ఒక మనిషి గదిలో కూర్చుండిపోయింది.

మర్నాడు సీ క్యాంపుకు దగ్గర్లో ఇంకో చోటికి మారాం. 1,300 రూపాయలు, కింది అంతస్తు. సామాన్ల బండి లాగడానికని వాకిట్లో సిమెంటు వాలు కట్టుకున్నారు, అది అమ్మకు పనికొచ్చింది. బాత్రూములో గోడకు పట్టుకునే రాడ్డు ఉంది. నాలుగు వందలు ఎక్కువైనా ఒక్క రోజు కూడా బాధపడలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్టు ఉందా అని అడగడం కాదు, వీధిలోంచి గది దాకా ఎన్ని మెట్లున్నాయని అడగండి.

ఏ, బీ, సీ క్యాంపులన్న పేర్లు ఎందుకొచ్చాయో అక్కడి టీకొట్టు పెద్దాయన చెప్పాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, ఉద్యోగులకు ఇళ్లు లేక కట్టిన క్వార్టర్ల పేర్లవి. మూడేళ్లకే రాజధాని హైదరాబాదు పోయింది, క్యాంపులు మిగిలాయి. ఆ వీధుల్లో నడిస్తే తేడా తెలుస్తుంది. రోడ్డు సూటిగా ఉంటుంది, వేపచెట్లున్నాయి, ఇంటికీ రోడ్డుకూ మధ్య కాస్త ఎడముంది. అమ్మ కర్ర నా చేతికిచ్చి ముందు నడిచింది, నేను వెనకబడ్డాను. పొద్దున పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నది కూడా ఆ నడకలోనే. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఆ ఉగ్గాని ప్లేటు 40 రూపాయలు. మా వైపు అంత రుచిగా చేసేవాళ్లను చూడలేదు.

రాజ్‌విహార్ సెంటరు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఫుట్‌పాత్ ఉంది. ఒక షాపు ముందు కొలిస్తే 58 అంగుళాలు, ఉండాల్సిన 71కి తక్కువే, అయినా పర్లేదు. పది అడుగులు పోయాక ఒక జనరేటరు, తర్వాత ఒక కరెంటు స్తంభం, తర్వాత వరసగా మోటారు సైకిళ్లు. మిగిలిన సందు 21 అంగుళాలు. ఎక్కే అంచు పదకొండు. అమ్మ ఎక్కలేక రోడ్డు మీదికి దిగింది. వెనక నుంచి హారన్లు. "నేనేం తప్పు చేశానే?" అని నా వైపు చూసిన ఆ చూపు నేను మర్చిపోలేను.

అప్పుడే ఒక షేర్ ఆటో ఆగింది. "యాడికి పోవాలవ్వా?" అని అడిగి, అమ్మ ఎక్కేదాకా ఇంజను ఆపి కూర్చున్నాడు డ్రైవరు. మనిషికి 20. మాతో కలిపి ఆరుగురం. ఆటో ఆగిన ఆ అర నిమిషంలో వెనక కారాయన కిటికీ దించి తిట్టాడు. "మేం యాడ ఆపాలనో ఎవరూ చెప్పరు మేడం, యాడ ఆపినా తిడతారు" అన్నాడు డ్రైవరు. మాకు ఆ మాట న్యాయంగా తోచింది. ఆ ఆటోలో ఆరుగురున్నారు, వెనక కారులో ఒక్కరే. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలో రోడ్డు మీది జాగా బళ్లను కాకుండా మనుషులను లెక్కపెట్టి పంచాలని రాశారు. ఆ లెక్కన ఆటో ఆగడానికి ఒక గీత గీసి, పక్కన నీడ వేసిన నాలుగు కుర్చీలు పెడితే డ్రైవరుకు తిట్లు తప్పుతాయి, అమ్మలాంటి వాళ్లకు నిలబడే బాధ తప్పుతుంది. ఊళ్లో తిరగడానికి ఆ మూడు రోజులూ మాకు ఆటోనే దిక్కయింది. తొమ్మిది ఆటోలెక్కితే ఎనిమిది మంది మర్యాదగా మాట్లాడారు. ఒకాయన మాత్రం జగన్నాథ గట్టుకు రానూపోనూ 600 అన్నాడు. గట్టు మీద గుడి చూడాలని అమ్మకు ఎంతో ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టిన రూపాల సంగమేశ్వరుడి గుడి అది. వేరే దారి దొరక్క మానుకున్నాం.

సీ క్యాంపు రైతు బజారుకు రెండు సాయంత్రాలు వెళ్లాం. 1999లో మొదలైన ఈ రైతు బజార్లంటే నాకు గౌరవం. పండించినవాళ్లు మధ్యవర్తి లేకుండా, అద్దె లేకుండా కూర్చుని అమ్ముకుంటారు. లోపల రద్దీ ఉన్నా గచ్చు చదునుగా ఉంది, అమ్మ సులువుగా తిరిగింది. బయట తోపుడుబళ్లు. ఒక బండి దగ్గర సీతాఫలాలు బేరమాడుతూ, పక్కనే ఆపి ఉన్న పెద్ద కారును చూసి, ఈ రెండింటికీ తేడా ఎంతో కొలుద్దామని టేపు తీశాను.

బండామె ముఖం పాలిపోయింది. "ఏంటికక్కా కొలుస్తా ఉండారు? మమ్మల్ని లేపేదానికా?" అంది.

నాకు నోట మాట రాలేదు. టేపు పట్టుకుని వచ్చేవాళ్లంటే ఆమెకు అదే తెలుసు. నేను టైలర్నని, ఊరికే చూస్తున్నానని చెప్పి, బ్యాగులోంచి కత్తెర కూడా తీసి చూపించాక నమ్మింది. తర్వాత తనే ఒక చివర పట్టుకుంది. బండి ఆరడుగుల పొడవు, మూడున్నర వెడల్పు, అంటే 21 చదరపు అడుగులు. కారు దాదాపు 14 అడుగులు, ఆరు అడుగులు: 84. సరిగ్గా నాలుగు బళ్ల జాగా. ఆమె రోజూ 20 రూపాయలు ఆశీలు కడుతుంది, చీటీ చూపించింది. కారు అక్కడ రెండు గంటలుగా ఉందట, దానికి చీటీ లేదు. "అది పోతే ఇంకొకటి వస్తాదక్కా" అంది.

వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే పూర్తి చేసి, అమ్ముకునే కార్డులిచ్చేదాకా ఎవరినీ తీసేయకూడదని అందులో ఉంది. అమ్ముకునే చోట్ల మీద సలహా ఇచ్చే కమిటీలో కనీసం నూటికి నలభై మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇది మా అబ్బాయి ఫోన్లో చదివి వినిపిస్తే ఆమె స్పీకర్ దగ్గరికి వంగి వింది. "ఆ కమిటీలో మా ఆడోళ్లు ఉండారా?" అని అడిగింది. వాడు తడుముకున్నాడు. సీతాఫలాలు కిలోకు ఒకటి ఎక్కువ వేసింది, వద్దన్నా వినలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుంటూరులో నా కొట్టు ముందు మెట్టు కాలువ దాటి రోడ్డు మీదికి రెండడుగులు వచ్చి ఉంటుంది. పదేళ్ల కింద నేనే కట్టించాను. ఆ మెట్టు తప్పించుకోవడానికి ఎంతమంది అమ్మలు రోడ్డు మీదికి దిగారో. పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేసి, లోపలికి జరిపి కట్టాలని చెప్పాను.

మూడో రోజు పాతబస్తీ. కొండారెడ్డి బురుజు చుట్టూ బళ్లు తిరుగుతూనే ఉంటాయి. దాటడానికి మాకు ఆరేడు నిమిషాలు పట్టింది. బురుజు మెట్లు అమ్మ వల్ల కాదు. నేను పైకెక్కి వచ్చాను, ఆమె నీడలో కూర్చుంది. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది, తప్పక ఎక్కాల్సిందే. అక్కణ్ణుంచి హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ అనే పాత సమాధి మందిరానికి వెళ్లాం. రెండు గుమ్మటాలు, పెద్ద వాకిలి, చల్లగా ఉంది. పక్కన నది మాత్రం చూడలేకపోయాను. మురుగు, ప్లాస్టిక్.

ఆ వీధిలో ఒక ముసలాయన అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగిన కథ చెప్పాడు. శ్రీశైలం జలాశయం కూడా నిండి ఉండటంతో నీరు ముందుకు పోలేక ఊళ్లోకి తిరిగింది. లేచి నిలబడి, చెయ్యెత్తి, గోడ మీద చెయ్యి ఇంకా అందని చోటు చూపించాడు. "ఈడిదాకా." డబ్బున్న బంధువులు మెరక చూసుకుని ఊరి బయట ప్లాట్లు కొన్నారు. ఆయన, ఆయన అద్దెదార్లు పల్లంలోనే ఉన్నారు. నదికి వదిలిన జాగాలో ఎవరూ ఇల్లు కట్టకుండా చూడటం, పల్లంలో ఉన్నవాళ్లు ఎటు పరుగెత్తాలో ముందే ఒక దారి వదలడం, ఈ రెండూ ఆ ఊరికి ఏ పెద్ద రోడ్డు కన్నా ముందు కావాలని ఆయన మాటలు విన్నాక నాకు గట్టిగా అనిపించింది.

సాయంత్రం కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ మీద వినాయక ఘాట్. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు. ఈ కాలువను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా తీసుకుపోయారు. పొలాలకు నీళ్లే కాదు, పడవలు నడవాలని కూడా ఉద్దేశం. అంటే కర్నూలు నుంచి కడపకు అదొక దారి. ఊళ్లో కాలువ గట్టు ఒకచోట ఇళ్ల వెనక చెత్తతో మూసుకుపోయింది, ఇంకోచోట బళ్లు నిలిపారు. ఘాట్ దగ్గర మాత్రం కూర్చునే జాగా, గాలి, నీళ్లు, ఆడుకునే పిల్లలు. ఎవరూ టికెట్ అడగలేదు. గట్టు పొడవునా చదును చేసి, చెట్లు పెట్టి, బళ్లు రాకుండా రెండు రాళ్లు పాతితే బడి పిల్లలు, పెద్దవాళ్లు ఎండ తగలకుండా ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి పోవచ్చు. కొత్తగా భూమి కొనక్కర్లేదు.

నాలుగో రోజు కడప. కర్నూలు నుంచి నంద్యాలకు, అక్కణ్ణుంచి ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు, రెండూ ఎక్స్‌ప్రెస్ బస్సులే. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేస్తూ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం వల్ల ఆధార్ చూపిస్తే ఇద్దరికీ సున్నా టికెట్. బస్సు మెట్టు 16 అంగుళాలు. కండక్టరమ్మ దిగి వచ్చి అమ్మను చెయ్యి పట్టి ఎక్కించింది. బస్సు కిక్కిరిసింది. టికెట్ కొన్న ఒక మగాయన నిలబడి విసుక్కున్నాడు, ఆయన బాధ నిజమే. దానికి మందు ఇంకో బస్సు వేయడమే. అమ్మ పక్కన కూర్చున్న ఆవిడ, కూతుర్ని చూడటానికి ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నానని, ఇదివరకు ఏడాదికోసారేనని చెప్పింది.

కడపలో ఒక్క రాత్రి. ఏడురోడ్ల కూడలి దగ్గర గది 1,000, గది బాగుంది కానీ రాత్రి పదకొండు దాకా హారన్లు. అక్కడ షాపింగ్‌కు నడవడం అమ్మ వల్ల కాలేదు. దేవుని కడపకు ఆటోలో 15 నిమిషాలు. ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి వెంకటేశ్వరుడికి దణ్ణం పెట్టుకునే గుడి అది. అమీన్‌పీర్ దర్గాకు కూడా వెళ్లాం, అక్కడ అన్ని మతాలవాళ్లూ వరసలో ఉన్నారు. రెండు చోట్లా అమ్మకు ఎవరో ఒకరు చెయ్యి అందించారు.

తిరుగు ప్రయాణానికి బస్టాండులో కూర్చున్నప్పుడు అమ్మ నా బ్యాగు అడిగి టేపు తీసుకుంది. కూర్చున్న బెంచీ ఎత్తు కొలిచింది. పదిహేడు అంగుళాలు. "ఇది సరిగ్గా ఉంది, రాసుకో" అంది.